మాత్ర, మూలుగ, జన్యు కత్తెర: సికిల్ సెల్ బిడ్డకు ఏది మేలు?

సికిల్ సెల్, అంటే కొడవలి కణాల జబ్బు ఉన్న బిడ్డ రక్తం ఒక చుక్క గాజు పలక మీద వేస్తాం. దానిలో సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం కలిపి, పైన కవర్ స్లిప్ పెట్టి, గాలి చొరకుండా అంచులు మూసేస్తాం. అరగంట ఆగి మైక్రోస్కోప్ కింద చూస్తే, అప్పటిదాకా గుండ్రంగా ఉన్న ఎర్ర కణాలు సాగిపోయి, కొనలు వాడిగా తేలి, వరి కోసే కొడవళ్లలా వంగి కనిపిస్తాయి. ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసిన రోజుల్లో అలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. ఒకసారి ఒక తల్లి తానూ చూస్తానంటే స్టూలు మీద కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది. "ఇవేనా బాబూ, మా వాడి కాళ్లలో గుచ్చుతున్నవి?" అంది. అవునమ్మా అన్నాను. "మరి దీనికి మందుందా?" అని అడిగింది.

ఇప్పుడు ఆ ప్రశ్నకు మూడు జవాబులున్నాయి. రోజూ మింగే హైడ్రాక్సీయూరియా మాత్ర, ఎముక మూలుగ మార్పిడి, ఈ మధ్యే వచ్చిన జన్యు సవరణ. "అన్నా, ఏదో ఇంజెక్షన్‌తో పూర్తిగా తగ్గిపోతుందట కదా, మాత్రలు ఆపేయమంటావా?" అని ఫోన్ చేసేవాళ్లు ఎక్కువయ్యారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. మన పిల్లల్లో నూటికి తొంభై మందికి ఈరోజు మేలు చేసేది ఆ మాత్రే. ఎందుకో తెలియాలంటే జబ్బు ఎక్కడ పుడుతుందో కొంచెం చూడాలి.

1910లో షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తంలో ఈ కొడవలి కణాలున్నాయని మొదటిసారి రాశాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం తప్పు కణంలో కాదు, దాని లోపలున్న హిమోగ్లోబిన్‌లోనే ఉందని చూపించింది. ఒక జబ్బుకు మూలం ఒక్క అణువులో ఉందని తేలడం అదే మొదలు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ తప్పు ఎంత చిన్నదో పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును 146 పూసల దండ అనుకుంటే, అందులో ఆరో పూస ఒక్కటే మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వేలిన్ ఉంది. అంతే. ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా పేరుకుంటుంది. కణం బిర్రబిగిసి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. 120 రోజులు బతకాల్సిన కణం పది, ఇరవై రోజులకే పగిలిపోతుంది. నొప్పులు, రక్తహీనత, కళ్లు పచ్చబడటం, ప్లీహం పాడైపోవడం, కొందరు పిల్లలకు పక్షవాతం కూడా, అన్నీ అక్కడి నుంచే.

నాకు బాగా నచ్చే ఘట్టం 1948లోది. న్యూయార్క్‌లో పిల్లల డాక్టరు జానెట్ వాట్సన్, ఈ జబ్బుతో పుట్టిన పసికందుల రక్తంలో కొడవలి కణాలు పెద్దగా లేవని గమనించింది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని పిండ హిమోగ్లోబిన్ అంటారు. అది ఈ కడ్డీలను పేరుకోనివ్వదు. పుట్టిన కొన్ని నెలలకు శరీరం దాన్ని తగ్గించేసి పెద్దల రకం తయారుచేస్తుంది. అందుకే మా దగ్గరికి వచ్చే తల్లులందరూ ఒకటే మాట చెప్పేవారు: "ఆరు నెలల దాకా బాగానే ఉన్నాడు, ఆ తర్వాతే చేతులు, కాళ్లు వాచాయి."

చవకైన మాత్ర, కోట్ల ఖరీదు చేసే జన్యు చికిత్స, రెండూ చేసే పని ఒకటే. అటకెక్కిన ఆ పసితనపు హిమోగ్లోబిన్‌ను మళ్లీ కిందకు దించడం.

హైడ్రాక్సీయూరియాను మొదట కొన్ని రక్త క్యాన్సర్లకు వాడేవారు. అది మూలుగలో కణాల తయారీని కాస్త నెమ్మదింపజేస్తుంది, ఆ ఒత్తిడిలో పిండ హిమోగ్లోబిన్ ఉన్న కణాలు ఎక్కువగా బయటికొస్తాయి. తెల్లకణాలు తగ్గి, రక్తనాళాల గోడలకు అతుక్కోవడమూ తగ్గుతుంది. అమెరికాలో 299 మంది పెద్దవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాయి. ఏడాదికి 4.5 సార్లు వచ్చే క్రైసిస్, అంటే తీవ్రమైన నొప్పి దాడి, 2.5కి దిగింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ఆ పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. మనకు ఇంకా దగ్గరిది 2019 నాటి ఆఫ్రికా పరీక్ష. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాల్లో పిల్లలకు ఇచ్చి చూస్తే నొప్పులు, రక్తం ఎక్కించాల్సిన అవసరం, మరణాలు తగ్గాయి, మలేరియా కూడా తగ్గింది. మలేరియా ఉన్న చోట ఈ మందు ఇస్తే ప్రమాదమేమో అని ఏజెన్సీలో ఉండే భయానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. నాగపూర్‌లో మన పిల్లల మీదే చేసిన పరీక్షలో కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చిన్న మోతాదు కూడా బాగా పనిచేసింది.

దీని కష్టాలు దీనికున్నాయి. రోజూ వేసుకోవాలి, జీవితాంతం వేసుకోవాలి. తెల్లకణాలు మరీ పడిపోతున్నాయేమో చూడటానికి మొదట్లో తరచూ, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. గర్భం దాల్చాలనుకునేవారు ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గవచ్చు. అందరికీ ఒకేలా పనిచేయదు కూడా.

ఇంకొకటి, నేను కళ్లారా చూసింది. ఈ మందు వేసుకుంటే ఎర్ర కణం సైజు పెరుగుతుంది. రిపోర్టులో దాన్ని ఎం.సి.వి. అంటాం. పిల్లవాడు మాత్ర సరిగ్గా మింగుతున్నాడో లేదో చాలాసార్లు ఆ అంకే చెప్పేస్తుంది. ఒక ఏడాది వర్షాకాలంలో మా వైపు ఒకచోట రెండు నెలలు క్యాప్సూళ్ల స్టాకే రాలేదు. పిల్లల రిపోర్టుల్లో ఆ అంకెలు వరసగా దిగిపోవడం చూస్తూ కూర్చున్నాను. మైక్రోస్కోప్‌లో చూసిన ఆ తల్లి కొడుకు నడుము నొప్పితో మెలికలు తిరుగుతూ మంచం మీద వచ్చాడు. జబ్బు ఎలా పుడుతుందో అణువు దాకా తెలుసు. ఆపే మందు ఉంది. అయినా వాడు ఏడుస్తున్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మూలుగ మార్పిడి దారి వేరు. తప్పు కణాలు తయారుచేసే కార్ఖానానే మార్చేస్తారు. 1984లో అమెరికాలో లుకేమియా కోసం మార్పిడి చేసిన ఒక ఎనిమిదేళ్ల పాపకు, దానితోపాటే ఉన్న సికిల్ సెల్ కూడా నయమైంది. అలా ఈ దారి తెరుచుకుంది. పూర్తిగా సరిపోయే తోబుట్టువు దొరికి, చిన్న వయసులో చేస్తే నూటికి తొంభై మందికి పైగా బతికి బయటపడుతున్నారు. జబ్బును పూర్తిగా నయం చేయడంలో ఎక్కువ ఏళ్ల అనుభవం ఉన్నది దీనికే, వెల్లూరు సీఎంసీ లాంటి చోట్ల మన దేశంలోనూ చేస్తున్నారు. కానీ ఒక్కో తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే. కీమో మందులు, నెలల తరబడి పట్నంలో ఉండటం, దాత కణాలు బిడ్డ శరీరం మీదే తిరగబడే ప్రమాదం, లక్షల ఖర్చు, ఇవన్నీ ఉన్నాయి. ఒక విషయం మాత్రం చాలామందికి తెలియదు: అక్కకు ట్రెయిట్ మాత్రమే ఉంటే, అంటే తాను ఆరోగ్యంగా ఉండి జన్యువు మోస్తుంటే, ఆమె దాతగా పనికొస్తుంది. "దానికీ ఉంది కదా" అని పరీక్ష కూడా చేయించకుండా వదిలేసినవాళ్లను చూశాను.

ఇక జన్యు కత్తెర. 2008లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం బీసీఎల్11ఏ అనే జన్యువు పిండ హిమోగ్లోబిన్‌ను అణచి ఉంచుతోందని చూపించింది. ఆ అడ్డు తీసేస్తే చాలు. రక్తాన్ని తయారుచేసే రోగి సొంత మూల కణాలను బయటికి తీసి, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఆ జన్యువును రక్తకణాల్లో నడిపే మీటను తెగ్గొట్టి, తిరిగి ఎక్కిస్తారు. దాత అక్కర్లేదు. మిసిసిపీకి చెందిన విక్టోరియా గ్రే 2019లో ఇది చేయించుకుంది. క్యాస్‌జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. ఏడాదికి పైగా గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం పన్నెండు నెలలు వరసగా తీవ్రమైన క్రైసిస్ ఒక్కటీ రాలేదు. అది చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

అయినా "ఒక్క ఇంజెక్షన్" అనే మాట అబద్ధం. కొత్త కణాలకు చోటు చేయడానికి పాత మూలుగను బుసల్ఫాన్ అనే గట్టి కీమోతో ఖాళీ చేయాలి. జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, వారాల తరబడి ఆసుపత్రి గదిలో ఉండాలి, పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు. పన్నెండేళ్లు నిండినవారికే అనుమతి వచ్చింది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన డబ్బులో 18 కోట్ల పైమాటే. పదిహేనేళ్ల తర్వాత ఎలా ఉంటారో చెప్పడానికి ఇంకా పదిహేనేళ్లు గడవలేదు. ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేరే బాక్టీరియా నుంచి తీసిన క్యాస్9తో, అంటే క్రిస్పర్‌లో కత్తిరించే ప్రోటీన్‌తో, మన సొంత పద్ధతి మీద పనిచేస్తున్నారు. నా ఆశంతా దాని మీద, కీమో లేకుండా శరీరంలోనే సవరించాలని చూస్తున్న పరిశోధనల మీద ఉంది.

వోక్సెలోటార్ అనే ఇంకో మందు సంగతి కూడా మరిచిపోకూడదు. హిమోగ్లోబిన్ అంకె చక్కగా పెంచింది, అమెరికాలో 2019లో అనుమతి పొందింది. కానీ దాన్ని వాడినవారిలో క్రైసిస్‌లు, మరణాలు ఎక్కువ కనిపించి 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. రిపోర్టులో అంకె పెరిగినంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదని ల్యాబ్‌లో కూర్చున్న నాకే అది గట్టిగా తెలియజెప్పింది.

కాబట్టి నన్నడిగితే, బిడ్డకు జబ్బుందని తేలగానే పెన్సిలిన్, టీకాలు, ఫోలిక్ యాసిడ్‌తోపాటు హైడ్రాక్సీయూరియా గురించి డాక్టరును అడగండి. తోబుట్టువులుంటే మ్యాచ్ పరీక్ష గురించి కూడా అడిగి ఉంచుకోండి. మాత్ర వేసుకుంటున్నా క్రైసిస్‌లు ఆగకపోతే, పక్షవాతం సూచనలుంటే, మ్యాచ్ దొరికితే, అప్పుడు మార్పిడికి ఆలస్యం చేయొద్దు. జన్యు చికిత్స కోసం ఎదురుచూస్తూ ఉన్న మాత్ర మానేయడం మాత్రం వద్దే వద్దు. ఆ చికిత్స మన దాకా వచ్చేనాటికి కిడ్నీలు, ఊపిరితిత్తులు బాగున్న బిడ్డకే అది పనికొస్తుంది.

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు ఇంటింటికీ పరీక్ష ఫలితం రాసిన కార్డులు వస్తున్నాయి. కార్డు వచ్చిన ప్రతి ఇంటికీ నెలనెలా క్యాప్సూళ్లు కూడా వెళ్లాలి, వానాకాలంలో సైతం.

నేను బదిలీ అయ్యే ముందు ఆ తల్లి కొడుకుని మళ్లీ తీసుకొచ్చింది. ఎం.సి.వి. తొంభై దాటింది. ఈసారి ఆమె మైక్రోస్కోప్ అడగలేదు. అక్క చెయ్యి పట్టుకుని ముందుకు తోసి, "దీని రక్తం కూడా తియ్యి బాబూ, తమ్ముడికి సరిపోతుందేమో చూడమన్నారు" అంది.