వెస్ట్ సిస్టమ్ 105 ఎపాక్సీ: పుచ్చిన మాస్ట్‌కు మందే, పుచ్చుకు మాత్రం కాదు

1930ల నాటి ఇంగ్లండ్, హాలండ్ చెక్క మోటార్ యాట్‌లలో మాస్ట్ (డెక్ మీద నిలిచే కొయ్య స్తంభం) పని పడవను నడపడం కాదు. దీపం, జెండా తాళ్లు, ఊగు తగ్గించే చిన్న తెరచాప మోయడమే. వంతెనల కింద దూరాలి కాబట్టి చాలావాటిలో అది డెక్ మీద టాబర్నకిల్ అనే మూడు వైపుల గూట్లో, ఇరుసు బోల్టు మీద వాలేలా ఉంటుంది. వాన నీళ్లు నిలిచేదీ ఆ గూట్లోనే. పైన వార్నిష్ అద్దంలా మెరుస్తున్నా అడుగు పుచ్చిపోతుంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బే సిటీలోని గూజన్ బ్రదర్స్ తయారుచేసే వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌ను, అంటే హార్డెనర్ కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగురును, ఈ పని దృష్టితోనే చూద్దాం. జిగురుగా దీనికి వంక పెట్టడం కష్టం. పుచ్చిన కొయ్యను గట్టిపరచడానికి పల్చన చేసి తాగించాలనుకుంటే మాత్రం డబ్బు దండగ. 5 శాతం లాకర్ తిన్నర్ కలిపితేనే నొక్కుడును తట్టుకునే బలంలో సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. ఆరతో పొడిచి, మెత్తగా దిగినంత మేరా కోసేయాలి. దానికి అడ్డదారి లేదు.

కోసేసిన చోట అతికే కొత్త ముక్క పాత కొయ్య జాతిదే అయితే మంచిది: సిట్కా స్ప్రూస్‌కు స్ప్రూస్, డగ్లస్ ఫర్‌కు ఫర్. తేమ 12 శాతం దాటకూడదు. ఏటవాలు అతుకు కనీసం 8:1, మాస్ట్‌కైతే 12:1 మేలు. అంటే 120 మిల్లీమీటర్ల మందానికి 1,440 మిల్లీమీటర్ల అతుకు. పాత కేసీన్ (పాల ప్రొటీన్) జిగురు మరకలున్న చోట శుభ్రమైన చెక్క తేలేదాకా చిత్రిక పట్టాలి.

హార్డెనర్ ఎంపికలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. 205, 206, 207, 209 అనేవి హార్డెనర్ల నంబర్లు. 22 డిగ్రీల వద్ద 100 గ్రాముల కప్పులో 205 సుమారు 9 నుంచి 12 నిమిషాలు, 206 సుమారు 20 నుంచి 25 నిమిషాలు పని చేయనిస్తాయి. మీటరున్నర అతుకుకు 205 చాలదు. కాకినాడ ఎండలో అయితే 206 కూడా చాలదు, 209 కావాలి. 205, 206లకు రెసిన్, హార్డెనర్ కొలత 5:1. 207, 209లకు 3:1. పంపులు కూడా వేరు. ఒకదాని పంపు ఇంకోదానికి బిగిస్తే అతుకు జిగటగానే ఉండిపోతుంది. పాలియెస్టర్ రెసిన్ అలవాటున్నవాళ్లు త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తారు. ఇక్కడ దానివల్ల ఒరిగేది బలహీనతే. కలిపింది కప్పులో ఉంచితే దానంతట అదే వేడెక్కి పొగలు కూడా రావచ్చు. వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయండి.

ముందు రెండు ముఖాలకూ ఉత్త ఎపాక్సీ పూయాలి. అడ్డంగా కోసిన చోట చెక్క తాగేస్తుంది కనుక మెరుపు నిలిచేదాకా మళ్లీ మళ్లీ రాయాలి. తర్వాత ఎపాక్సీని చిక్కబరిచే 403 పొడి కలిపిన ముద్ద: దోసె పిండి కంటే చిక్కగా, గారెల పిండి కంటే పల్చగా. వార్నిష్ మాస్ట్‌కు 403 తెల్లగీతలా కనబడుతుంది, గోధుమరంగు 405 పొడి నయం. తడి జిగురు మీద ముక్కలు జారతాయి, కాబట్టి క్లాంపులకు ముందే రెండు సన్నమేకులు దించాలి. అంచుల్లో జిగురు కాస్త పొంగితే చాలు. బలమంతా పెట్టి బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకులో ఏమీ మిగలదు.

మర్నాడు పైన మైనంలాంటి పొర తేలితే ఉత్త నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడగాలి. కడగకుండా ఉప్పుకాగితం పడితే ఆ మైనాన్ని చెక్కంతా పూసినట్టే. చేతి తొడుగులు తప్పనిసరి: ఒకసారి అలర్జీ పట్టుకుంటే మళ్లీ ఈ డబ్బా ముట్టలేరు.

ఎపాక్సీకి అసలు శత్రువు ఎండ. పైన ఎండను ఆపే వార్నిష్ ఆరు నుంచి ఎనిమిది పూతలు పడాలి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడకముందే వేస్తే కొన్ని వార్నిష్‌లు ఎన్నాళ్లకూ ఆరవు. కొన్ని రోజులు ఆగండి.

నిలబెట్టే ముందు ప్రతి స్క్రూ బెజ్జాన్నీ వెడల్పు చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక సరైన సైజులో మళ్లీ తొలచాలి. నీళ్లు చెక్కలోకి దిగే దారులవే. ఇరుసు బోల్టు బెజ్జానికీ అదే వరస. అడుగు ముఖానికి మూడు పూతలు, గూటికి నీళ్లు పోయే బెజ్జం, పక్కల కాస్త ఖాళీ. బిగుతుగా దిగే మాస్ట్ వానాకాలంలో ఉబ్బి గూట్లో ఇరుక్కుంటుంది. చివరగా వైర్లు. మాస్ట్ పూర్తిగా వాలినప్పుడు కూడా లాగుడు పడనంత పొడవు వదలాలి, లేకపోతే మొదటి వంతెన దగ్గరే పైదీపం ఆరిపోతుంది.