బరువు పెంచే పొడి: వాడి చూశాక

సన్నగా ఉన్నవారి కోసమని అమ్మే మాస్ గెయినర్ పొడులలో ఒకదానిని కొంతకాలంగా వాడుతున్నాను. డబ్బా ముందువైపు ప్రొటీన్ అని పెద్ద అక్షరాలు కనిపించినా, వెనుకనున్న పదార్థాల పట్టికలో మొట్టమొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్కొంటారు కనుక, ఇందులో సింహభాగం ఇట్టే గ్లూకోజుగా మారిపోయే పిండిపదార్థమేనని తెలుస్తుంది. 100 గ్రాముల మోతాదులో పిండిపదార్థం 75 గ్రాములు, ప్రొటీన్ 15 గ్రాములు, కొవ్వు 2 గ్రాములు. మొత్తం సుమారు 378 కిలోకేలరీలు. బరువు పెరగాలంటే శరీరం రోజూ ఖర్చు చేసే శక్తి కంటే 300 నుంచి 500 కిలోకేలరీలు అదనంగా తీసుకోవాలన్నది సాధారణ సలహా కాబట్టి, లెక్క ప్రకారం ఇది సరిపోతుంది. అయితే వ్యాయామం లేకపోతే పెరిగేది చాలావరకు కొవ్వే, ఆ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు!

రుచి మరీ తీపి. చల్లని పాలలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు కొద్దిపాటి గోరువెచ్చని నీటిలో కలిపితే సాఫీగా కరుగుతుంది. పూర్తి మోతాదు ఒకేసారి తాగితే కడుపు ఉబ్బరించింది, రెండు పూటలకు పంచుకున్నాక ఆ ఇబ్బంది తగ్గింది. లాక్టోజు (పాలలోని చక్కెర) పడనివారు వే కాన్సన్‌ట్రేట్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే ప్రొటీన్ పొడి) ఉన్న రకాలకు దూరంగా ఉండటం మేలు.

ఆకలి మందగించి, భోజనం పరిమాణం పెంచలేనివారికి ఇది పనికొస్తుంది. మధుమేహం ఉన్నవారు, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నవారు మాత్రం వైద్యుని సంప్రదించకుండా కొనవద్దు. నా మట్టుకు 5కు 3 మార్కులు.