మోర్టారా, హోవిట్జరా? రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పోలండ్ సైన్యానికి ఏది మేలు?

1939 నాటి పోలండ్ పదాతి డివిజన్‌కు (అనేక బెటాలియన్లు కలిసిన పెద్ద సేనా విభాగానికి) నిర్ణయించిన కొలతల ప్రకారం 75 మి.మీ. (గొట్టం లోపలి వెడల్పు) ఫ్రెంచి ఫిరంగులు 24, 100 మి.మీ. హోవిట్జర్లు 12, 155 మి.మీ. హోవిట్జర్లు 3 ఉండేవి. 75 మి.మీ. ఫిరంగి గుండు దాదాపు నేలబారుగా దూసుకుపోతుంది కాబట్టి బయలులో కనిపించే శత్రువు మీద అది చక్కగా పనిచేస్తుంది; గుట్ట వెనుకనో కందకంలోనో దాగినవాడిని మాత్రం సులువుగా అందుకోలేదు. ఆ పని గుండును ఎత్తుకు విసిరి పైనుంచి పడవేసే హోవిట్జర్లు, మోర్టార్లదే. చేతిలో డబ్బు అంతంతమాత్రంగా ఉన్న ఆ సైన్యం ఈ రెండింటిలో దేనికి పెద్దపీట వేసి ఉండవలసింది?

ముందుగా 100 మి.మీ. హోవిట్జర్ సంగతి. ఆస్ట్రియా-హంగరీ సైన్యం కోసం స్కోడా కంపెనీ చేసిన 1914 నమూనాకు పొడవైన గొట్టం అమర్చగా వచ్చిన 14/19 రకాన్ని పోలండ్ తనదిగా చేసుకొని, తరువాత స్టారఖోవిత్సే కర్మాగారంలో స్వయంగా తయారు చేసింది. దాని బరువు సుమారు 1,500 కిలోలు. ఆరు గుర్రాలు లాగేవి. 14 నుంచి 16 కిలోల గుండును దాదాపు 10 కిలోమీటర్లు విసిరేది. మందుగుండు పాళ్లను మార్చుకోగలగడం దాని బలం: తక్కువ మందు వేస్తే గుండు దగ్గరలోనే నిటారుగా దిగుతుంది, ఎక్కువ వేస్తే దూరం పోతుంది. 1939 నాటికి ఇలాంటివి పోలండ్ చేతిలో సుమారు 900 ఉన్నాయి. నా అంచనాలో డివిజన్ అధిపతికి అంతకంటే అక్కరకు వచ్చే ఆయుధం మరొకటి లేదు.

81 మి.మీ. 1931 నమూనా మోర్టార్ స్టోక్స్-బ్రాంట్ అనే విదేశీ పద్ధతిలో లైసెన్సు మీద తయారైంది. గొట్టం, రెండు కాళ్ల ఊత, అడుగు పలక అనే మూడు భాగాలూ కలిపి బరువు 60 కిలోలే కావడంతో, బండి పోలేని చోటికి మనుషులే మోసుకుపోగలిగేవారు. మూడు కిలోల పైచిలుకు బాంబును సుమారు మూడు కిలోమీటర్ల దాకా, నిమిషానికి పదిహేనుకు తగ్గకుండా వేయగలదు. పరిధిలో హోవిట్జర్ ముందు ఇది ఆనదు. అయితే బెటాలియన్ (డివిజన్‌లోని చిన్న దళం) అధికారి ఎదురుగా మెషిన్‌గన్ గూడు కనిపించినప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా ప్రయోగించగలిగిన ఫిరంగి ఇదొక్కటే.

హోవిట్జర్ దళానికి అంత దూరంలోని లక్ష్యం కనిపించదు. ముందు నిలిచిన పరిశీలకుడి మాట టెలిఫోను తీగ మీదుగా రావాలి. రేడియోలు కొద్దిగా ఉన్న పోలిష్ సైన్యంలో ఆ తీగ తెగితే మంచి హోవిట్జర్ కూడా మూగబోయేది. 1939 సెప్టెంబరులో ఒక్కో డివిజన్ ముప్పై కిలోమీటర్ల దాకా సరిహద్దును కాయవలసి వచ్చినప్పుడు, 12 హోవిట్జర్లను అంతమేరా పరచడం అటుంచి, వాటిని ఒక్కచోటికి పిలిపించడమే కష్టమయింది. అదే కాలపు తొలి శ్రేణి జర్మన్ డివిజన్‌లో 105 మి.మీ. హోవిట్జర్లు 36, 150 మి.మీ.వి 12, 81 మి.మీ. మోర్టార్లు 54. పోలిష్ డివిజన్‌లో ఆ మోర్టార్లు బెటాలియన్‌కు రెండు చొప్పున దాదాపు ఇరవై.

155 మి.మీ. ష్నైడర్ హోవిట్జర్ గురించి పెద్ద వాదన అవసరం లేదు. 43 కిలోల గుండు, 11 కిలోమీటర్ల పైబడిన పరిధి. మంచి ఆయుధం, కాని మూడింటితో ఏ డివిజన్ కూడా పెద్ద పని చేయలేదు.

46 మి.మీ. 1936 నమూనా గ్రెనేడ్ లాంచర్ మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. గొట్టాన్ని ఒకే కోణంలో నిలిపి, పేలుడు వాయువును కొంత బయటకు వదిలి దూరాన్ని సరిచేసే ఏర్పాటు తెలివైనదే. అయితే 12 కిలోల పైగా బరువున్న ఆ యంత్రం విసిరేది ముప్పావు కిలో గ్రెనేడ్‌ను, అదీ సుమారు 800 మీటర్లకే. ఇలాంటివి వేల సంఖ్యలో చేయగా, 81 మి.మీ. మోర్టార్లు దేశం మొత్తంలో సుమారు 1,200 దగ్గర ఆగిపోయాయి.

రెండో కొసన స్కోడా 220 మి.మీ. మోర్టార్లు 27 ఉన్నాయి. 128 కిలోల గుండుతో కాంక్రీటు కోటలను బద్దలు కొట్టడానికి కొన్న ఈ భారీ యంత్రాలను సీ7పీ అనే సైనిక ట్రాక్టర్లు మూడు భాగాలుగా లాగాలి. దండెత్తి కోటలు పట్టే సైన్యానికి అవి పనికివస్తాయి. 1939లో పోలండ్‌కు పడింది వెనక్కు తగ్గుతూ కాచుకునే యుద్ధం.

కాబట్టి ఉన్న హోవిట్జర్లను తగ్గించకుండా, ముందు పెంచవలసింది 81 మి.మీ. మోర్టార్లనే. డివిజన్‌లోని తొమ్మిది బెటాలియన్లకు తలా రెండుకు బదులు నాలుగు ఇస్తే అదనంగా కావలసింది 18. వాటి మొత్తం బరువు ఒక్క 100 మి.మీ. హోవిట్జర్ బరువుకంటే తక్కువ. ఇందులో ఒక మెలిక ఉంది: పూర్తి వేగంతో వేస్తే ఒక్కో గొట్టం నిమిషానికి 45 కిలోల బాంబులు మింగుతుంది కాబట్టి గొట్టాలతోపాటు బండ్లు, గుర్రాలు, బాంబుల నిల్వలు కూడా పెరగాలి. ఆ ఖర్చు కోసం స్కోడాకు ఇచ్చిన ఆ 27 మోర్టార్ల ఆర్డరునే అన్నిటికంటే ముందు కొట్టివేయవలసింది.