సిరిల్ సాఫ్ట్‌వేర్: నల్గొండ ఎండల్లో డార్క్‌లు, ఫ్లాట్‌లు దాచుకునేవాళ్ల కోసం

రాత్రి ఆకాశం ఫొటోలను శుభ్రం చేసి కలిపే సిరిల్ సాఫ్ట్‌వేర్‌ని రెండేళ్లుగా వాడుతున్నాను. డీఎస్ఎల్ఆర్‌తో ఆకాశం ఫొటోలు తీసేవాళ్లు ఎవరడిగినా ముందు దీని పేరే చెప్తాను. పూర్తిగా ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ దేంట్లోనైనా నడుస్తుంది. అందరూ దీని స్టాకింగ్‌ని, అంటే చాలా ఫొటోలను పేర్చి ఒక్కటిగా చేయడాన్ని, మెచ్చుకుంటారు గానీ, నాకు దీని విలువ తెలిసింది కాలిబ్రేషన్ ఫ్రేమ్‌ల దగ్గర, అంటే కెమెరా లోపాలు సరిదిద్దడానికి విడిగా తీసే ఫొటోల దగ్గర.

పనులన్నీ వరుసగా చేసిపెట్టే దీని స్క్రిప్ట్ నడవాలంటే లైట్లు (అసలు ఆకాశం ఫొటోలు), డార్క్‌లు (మూత పెట్టి లైట్లంత సేపే తీసేవి), ఫ్లాట్‌లు (సమానమైన వెలుగుకు తీసేవి), బయాస్‌లు (మూత పెట్టి అతి తక్కువ సేపు తీసేవి) అని నాలుగు ఫోల్డర్లు అది అడిగిన పేర్లతోనే ఉండాలి. మొదట్లో ఇదేం పట్టింపు అనిపించింది. కానీ డార్క్, బయాస్ రెండూ నల్లగానే ఉంటాయి, కార్డులో కలిసిపోతే చూసి పోల్చుకోలేం, తీసిన రోజే విడదీసి పెట్టుకునే అలవాటు నాకు దీనివల్లే వచ్చింది. ఒకసారి నడిపిస్తే మాస్టర్లన్నీ (ఒక్కో రకం ఫ్రేమ్‌లన్నీ కలిపి చేసిన ఒక్క ఫొటో) అదే తయారుచేసి, ప్రతి లైట్‌లోంచి డార్క్ తీసేసి, ఫ్లాట్‌తో భాగించి ఇస్తుంది.

అయితే ఆ ఫోల్డర్లో సరైన డార్క్‌లు పెట్టే బాధ్యత మాత్రం మనదే, మన దగ్గర అసలు కష్టం అదే. కూలింగ్ కెమెరా ఉన్నవాళ్లు సెన్సార్‌ని మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉంచి, ఒకసారి తీసిన డార్క్‌లు నెలల తరబడి వాడుకుంటారు. మామూలు డీఎస్ఎల్ఆర్‌కి ఆ వీలు లేదు. సెన్సార్ వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా వేడికి సెన్సార్‌లో పుట్టే సిగ్నల్) రెట్టింపవుతుంది, మనకేమో ఏప్రిల్‌లో అర్ధరాత్రి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. జనవరిలో తీసిన డార్క్‌లు వేసవి లైట్లకు పెడితే ఫొటో నిండా ఎర్ర, నీలి చుక్కలు మిగిలాయి. అప్పటినుంచి ఫొటో వివరాల్లో కెమెరా వేడి చూసి, ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉంచిన సేపు), ఐఎస్ఓ, డిగ్రీలు మూడూ ఫైల్ పేరులోనే రాసుకుంటున్నాను. బయాస్‌కి ఇంత పట్టింపు అక్కర్లేదు, ఐఎస్ఓ ఒకటైతే చాలు.

ఫ్లాట్‌ల సంగతి వేరు. దేవరకొండ అవతల మా మేనమామ బత్తాయి తోటలో రాత్రంతా కూర్చుని లాగూన్ నెబ్యులా అనే వాయుమేఘాన్ని తీశాను, ఇంటికొచ్చి కెమెరా విప్పి, మర్నాడు మళ్లీ బిగించి ఫ్లాట్‌లు తీశాను. ఫలితంలో దుమ్ము మరకలు అలాగే ఉన్నాయి, పక్కన కొత్తగా తెల్లటి వలయాలు కూడా పడ్డాయి. సాఫ్ట్‌వేర్ తప్పేమో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. బిగించేటప్పుడు కెమెరా కొంచెం తిరిగిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు తెల్లారగానే, ఫోకస్ ముట్టుకోకుండా, ఏదీ విప్పకుండా, నాన్న తెల్ల పంచె రెండు మడతలు వేసి ముందు కట్టి అక్కడే ముప్పై ఫ్లాట్‌లు తీసేస్తున్నాను, మరకలు శుభ్రంగా పోతున్నాయి.

సిరిల్ 1.2 వెర్షన్ నుంచి మాస్టర్లు దాచిన ఫోల్డర్ ఎక్కడుందో సెట్టింగ్స్‌లో చెప్పి పెడితే, ఎక్స్‌పోజర్‌ని బట్టి సరిపోయేది తనే తెచ్చుకుంటుంది. మాస్టర్లు ఎక్కువైనవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

డిస్క్ మాత్రం బాగా తింటుంది. 24 మెగాపిక్సెల్ ఫ్రేమ్ రంగుల్లోకి మారి 32 బిట్‌లో సేవ్ అయితే ఒక్కొక్కటి 288 ఎంబీ, అరవై లైట్లకు ఒక్క అడుగులోనే 17 జీబీ దాటుతుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ముందే చోటు చూసుకోండి. నేనైతే స్టాక్ అవ్వగానే, మధ్యలో తయారైన ఫైళ్లుండే ప్రాసెస్ ఫోల్డర్ తీసేసి, మాస్టర్లు మాత్రం విడిగా దాచుకుంటాను.