వారంలో స్కోపస్ పేపర్ అని ఫోన్ వస్తే డబ్బు కట్టకండి: నా 20,000 అలాగే పోయాయి

నిన్న మధ్యాహ్నం లైబ్రరీలో మా జూనియర్ తన ఫోన్ నా ముందు పెట్టి, "అక్కా, ఇది మంచి జర్నలేనా?" అని అడిగింది. చూస్తే నన్ను ముంచిన అదే నంబరు, అదే మెసేజ్. వారంలో స్కోపస్ (ఎంపిక చేసిన రీసెర్చ్ జర్నళ్ల అంతర్జాతీయ డేటాబేస్) పబ్లికేషన్, గ్యారంటీ. సోమవారం డబ్బు కడదామనుకుంటోందట. నేను పోగొట్టుకున్న డబ్బు సంగతి ఇంట్లోనే పూర్తిగా చెప్పలేదు. ఇంక దాచిపెడితే ఇంకొకరు మునుగుతారని రాస్తున్నాను.

మాది తిరుపతిలో ఒక చిన్న యూనివర్సిటీ. డిపార్ట్‌మెంట్లో పీహెచ్‌డీ స్కాలర్లం ఆరుగురమే. పెద్ద క్యాంపస్ అయితే ఏ జర్నల్ మంచిదో, ఏది కాదో చెప్పే సీనియర్లు నలుగురు ఉంటారు. మాకు అడగడానికి మనుషులు తక్కువ. నాకు ఫెలోషిప్ కూడా లేదు. పొద్దున డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా క్లాసులు చెప్పుకుని, మధ్యాహ్నం నుంచి థీసిస్ పని చూసుకుంటాను.

నా టాపిక్ తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలు ఇచ్చే ధర. రెండు సీజన్లు దామలచెరువు, బంగారుపాళెం తిరిగాను. కాయల ట్రాక్టర్లు వరసలో ఆగి ఉంటే వాటి పక్కనే నిలబడి, 42 మంది రైతులను అడిగి రాసుకున్న లెక్కలవి. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ వచ్చి ఉండాలని అందరూ అంటుంటే, ఆ లెక్కలతో రాసిన పేపర్నే ఈ మోసగాళ్ల చేతిలో పెట్టాను.

ఆ నంబరు స్కాలర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మాట్లాడినతను చక్కటి తెలుగులో, "మేడమ్, మా జర్నల్‌కు స్కోపస్ ఉంది, యూజీసీ కేర్ కూడా ఉంది" అన్నాడు. యూజీసీ కేర్ అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ పెట్టిన మంచి జర్నళ్ల లిస్టు. లింకు పంపాడు. తెరిస్తే జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ (పత్రికకిచ్చే గుర్తింపు) నంబరు, ఎడిటర్ల ఫొటోలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ముందు 12,500 కట్టాను. రెండో రోజుకే యాక్సెప్టెన్స్ లెటర్ వచ్చింది. రివ్యూ అంతా కలిపి ఒక్క వాక్యం: పేపర్ బాగుంది, అంగీకరించాం. అక్కడే ఆగి ఉండాల్సింది. నిజంగా చదివినవాళ్లు 42 మందినే ఎందుకు తీసుకున్నారనైనా అడుగుతారు కదా. సంతోషంలో అది తట్టలేదు. తర్వాత డీఓఐ నంబరుకని, అంటే ఇంటర్నెట్‌లో ఆ పేపర్‌ను గుర్తించే శాశ్వత నంబరుకని, 4,000 అడిగాడు. ఆ తర్వాత ప్లేజరిజం (వేరేవాళ్ల రాతలతో పోలిక) 14 శాతం ఉంది, 10 లోపు తెస్తామని ఇంకో 3,500. మూడుసార్లూ డబ్బు వెళ్లింది ఎవరో ఒక మనిషి పేరు మీదున్న యూపీఐకి. జర్నల్ పేరు మీద ఖాతా లేదు, రసీదు లేదు.

పేపర్ సైట్లో పడ్డాక ప్రింట్ తీసుకుని గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె రెండో పేజీలో ఒక మాట కింద పెన్నుతో గీత గీసి, "ఇదేంటమ్మా?" అన్నారు. నేను 'ఫార్మ్ గేట్ ప్రైస్' అని రాశాను, అంటే రైతు తోట దగ్గరే చేతికందే ధర. అక్కడ 'కల్టివేట్ డోర్ కాస్ట్' అని ఉంది! కిందికి చదివితే గుజ్జుకు రాసిన 'పల్ప్' కాస్తా 'మ్యాష్' అయింది. ప్లేజరిజం తగ్గించడమంటే వాళ్లు చేసింది ఇదే. ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటకు మాట మార్చేశారు. నా పేరుతో ఉన్న పేపర్లో నాకే అర్థం కాని వాక్యాలు.

మేడమ్ అప్పటికప్పుడు స్కోపస్ సైట్ తెరిచి సోర్సెస్ విభాగంలో ఆ ఐఎస్ఎస్ఎన్ కొట్టారు. ఆ జర్నల్ నిజంగానే ఉంది. కానీ దాని అసలు వెబ్‌సైట్ వేరే. వీళ్లు దాని పేరూ నంబరూ ఎత్తుకుని ఇంకో సైట్ కట్టారు. ఇలాంటివాటిని క్లోన్ జర్నల్స్ అంటారని ఆ రోజే తెలిసింది. నా డీఓఐని డీఓఐ డాట్ ఆర్గ్‌లో పెడితే అలాంటి నంబరే లేదని వచ్చింది. 4,000 దానికే కట్టాను.

కాబట్టి వాళ్లు పంపిన లింకు నొక్కి చూసుకుని నమ్మకండి. మీ అంతట మీరు స్కోపస్ సోర్స్ లిస్టుకు వెళ్లండి, చూడటానికి డబ్బు అక్కర్లేదు. జర్నల్ పేరు దొరికితే సరిపోదు. ప్రచురణకర్త ఎవరు, ఏ ఏడాది వరకు కవరేజ్ ఉంది అనేవి కూడా చూడాలి, ఎందుకంటే కొన్నిటిని స్కోపస్‌లో చేర్చడం మధ్యలోనే ఆపేసి ఉంటారు. తర్వాత ఆ ప్రచురణకర్త అసలు సైట్ నుంచే జర్నల్ పేజీకి వెళ్లి, వెబ్ అడ్రస్ అక్షరం అక్షరం పోల్చుకోండి. ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా అనుకోవద్దు. అది పత్రికను గుర్తించే ఎనిమిదంకెల నంబరు మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు.

'యూజీసీ కేర్' అని ఎవరైనా ఇప్పుడూ ఆశ చూపిస్తే అక్కడే ఫోన్ పెట్టేయండి. ఆ లిస్టును ఆపేస్తున్నట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. నాకది తెలియదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకోటి. థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు యూజీసీ 2016 నిబంధనల్లో ఉండేది. 2022 నవంబరులో వచ్చిన కొత్త పీహెచ్‌డీ నిబంధనల్లో అది లేదు. అయితే యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు. అందుకే మీరు ఏ ఏడాది చేరారో, ఆ బ్యాచ్‌కు ఏ రూల్ వర్తిస్తుందో రీసెర్చ్ సెక్షన్లో రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు. అందరూ కావాలంటున్నారని టెన్షన్ పడి పరుగెత్తాను. ప్లేజరిజం రిపోర్టు కూడా మా లైబ్రరీలోనే ఉచితంగా తీసిస్తారట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, పైగా రిఫరెన్సులు, సరిగ్గా ఉదహరించిన మాటలు ఆ లెక్కలోకి రావు. నా 14 శాతంలో సగం రిఫరెన్సులే.

పేపర్ తీసేయమని అడిగితే ఉపసంహరణ ఫీజు 8,000 కట్టమన్నాడు. కట్టలేదు. తీయలేదు. అది అక్కడ ఉన్నంత కాలం అదే పేపర్‌ను మంచి జర్నల్‌కు పంపితే రెండుసార్లు ప్రచురించినట్టు అవుతుంది. మండుటెండలో పని ఆపుకుని నాతో మాట్లాడిన రైతుల లెక్కలు అలా ఇరుక్కుపోయాయి. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, ఆ సీజన్ మళ్లీ రాదు. ఇప్పుడు మేడమ్ సలహాతో, జరిగిందంతా ఎడిటర్‌కు ముందే చెప్పి, కొత్త సీజన్ లెక్కలు కలిపి పేపర్‌ను మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

ఇప్పటికే కట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. మొదటి గంటల్లో చెప్తే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం ఎక్కువ. నేను నెలన్నర తర్వాత చేశాను. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు రాలేదు. చాటింగ్, స్క్రీన్‌షాట్లు, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్లు ఏవీ డిలీట్ చేయకండి. అతణ్ణి తిట్టి బ్లాక్ చేసేముందు అవన్నీ దాచుకోండి. గైడ్‌కు చెప్పడానికి భయపడకండి. డబ్బు కట్టానని చెప్తే తిడతారేమోనని నేను పది రోజులు నానబెట్టాను. ఆమె తిట్టలేదు, కుర్చీ దగ్గరికి లాగి కూర్చోబెట్టి పక్కనుండి ఫిర్యాదు రాయించారు.

తిరుపతి, చిత్తూరు వైపు స్కాలర్లు ఎవరికైనా ఇలాంటి మెసేజ్ వచ్చి అనుమానంగా ఉంటే, కట్టకముందే జర్నల్ పేరు, వాళ్లిచ్చిన లింకు నాకు పంపండి. ఎలా చూడాలో పక్కన కూర్చుని చూపిస్తాను. మా జూనియర్‌ది నిన్నే చూశాం, అదీ క్లోనే.