రక్తం ఎక్కించడానికి తొందరపడని ఐసీయూ, నా వరకు 4 స్టార్లు

మా మావయ్యగారికి న్యుమోనియా ముదిరి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలే దెబ్బతినే పరిస్థితి) అయ్యిందంటే నరసన్నపేట నుంచి శ్రీకాకుళం తీసుకొచ్చి ఈ హాస్పిటల్లోనే పెట్టాం, వెంటిలేటర్ మీద ఉన్నారు, మేం వారం పైనే ఐసీయూ బయట కుర్చీల్లో గడిపాం. రూములు, ఏసీ, క్యాంటీన్ గురించి కింద చాలామంది రాశారు కాబట్టి నేను రక్తం ఎక్కించే విషయం ఒక్కటే రాస్తాను, ఎందుకంటే అక్కడ కూర్చున్న ప్రతి ఇంటివాళ్లూ డాక్టర్లతో గొడవ పడింది దీని మీదే.

చేర్చినప్పుడు హిమోగ్లోబిన్ 10 దాటి ఉండేది, తర్వాత 7.4కి వచ్చేసింది. ఎక్కడా రక్తం పోలేదు, మరెలా తగ్గింది? మా బావగారు నేరుగా డాక్టరు దగ్గరికెళ్లి "ఏటండీ, 7.4కి పడిపోతే అలా సూస్తన్నారేటి, మా కుర్రోళ్లున్నారు, ఇప్పుడే ఇచ్చేస్తారు, ఎక్కించీండి" అని గట్టిగానే అడిగారు. ఆయన విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు, అదే నాకు బాగా నచ్చింది. ఒంట్లో అంత ఇన్ఫెక్షన్ ఉంటే ఎముక మజ్జ కొత్త కణాలు చెయ్యడం తగ్గిస్తుందట, సెలైన్లకి రక్తం పలచబడుతుందట, పైగా టెస్టులకని రోజూ తీసే రక్తమే 40 ఎంఎల్ దాకా పోతుందని యూరప్ ఐసీయూల్లో లెక్క తేలిందట. అందుకే ఇక్కడ పిల్లలకి వాడే చిన్న ట్యూబుల్లో శాంపిల్ తీస్తున్నారు, అవసరం లేని టెస్టు రాయట్లేదు.

7 కిందికి వెళ్తే ఎక్కిస్తాం, అప్పటిదాకా ఆగుదాం అన్నారు. ఆ 7 ఎక్కడిదో ఇంటికొచ్చాక చదివాను. 1999లో కెనడా ఐసీయూల్లో 838 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 10 కంటే తగ్గగానే, ఇంకో గుంపుకి 7 కంటే తగ్గితేనే రక్తం ఇచ్చారు. నెల రోజుల్లో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 23.3 శాతం, రెండో గుంపులో 18.7 శాతం. ఈ తేడా అనుకోకుండా వచ్చింది కూడా కావచ్చు, కానీ 55 ఏళ్ల లోపువాళ్లలో, జబ్బు మరీ తీవ్రం కానివాళ్లలో తక్కువ రక్తం ఇచ్చినవైపే స్పష్టంగా ఎక్కువమంది బతికారు. సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ బాగా పడిపోవడం) వచ్చినవాళ్ల మీద 2014లో స్కాండినేవియా దేశాల్లో చేసిన దాంట్లో కూడా 7 దగ్గర ఇచ్చినా 9 దగ్గర ఇచ్చినా 90 రోజులకి మరణాలు దాదాపు ఒకటే. అంటే ఎక్కువ బ్యాగులు ఎక్కిస్తే ఎక్కువ బలం అనే మన నమ్మకానికి ఆధారం దొరకలేదు. నష్టం మాత్రం ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, అవి వాచిపోయే రియాక్షన్ రావొచ్చు, వెంటిలేటర్ మీదున్న మనిషికి అది చిన్న విషయమా?

ఇది అందరికీ వర్తించే లెక్క కాదండోయ్. రక్తం ధారగా పోతున్నవాళ్లకి 7 వచ్చేదాకా ఆగరు. గుండెపోటు వచ్చినవాళ్ల సంగతి కూడా వేరు, 2023లో 3,500 మంది పైన చేసిన స్టడీలో తేడా తేల్చి చెప్పేంత రాకపోయినా 10 దగ్గర ఉంచడమే కాస్త మేలేమో అన్నట్టు వచ్చింది, కాబట్టి మావాళ్లకి ఆగారు కదా అని మీవాళ్లకీ ఆగమనకండి.

తర్వాత 6.8 అయ్యింది, అప్పుడు ఒక్క బ్యాగు ఎక్కించారు. రెండు తెప్పించి పెట్టుకోండి అనలేదు, ఒకటి ఎక్కించి మళ్లీ టెస్ట్ చేసి చూస్తాం అన్నారు, 7.7 వచ్చింది, ఒక బ్యాగుకి సుమారు 1 పెరుగుతుందన్నట్టే. ఇద్దరు సిస్టర్లు మంచం దగ్గరే పేరు, గ్రూపు, బ్యాగు నంబరు, ఎక్స్‌పైరీ డేట్ పైకి చదివి సరిచూసుకున్నారు, మొదటి 15 నిమిషాలు మెల్లగా వదిలి ఒక సిస్టర్ పక్కనే నిలబడింది, మొత్తం 4 గంటల లోపే అయిపోయింది. అద్దంలోంచి చూశాను ఇదంతా. ఆ అమ్మాయిలకి దండం పెట్టాలి నిజంగా.

మా మరిది నాన్నకి నా రక్తమే ఇస్తానని పట్టుబట్టాడు. డాక్టరు వద్దన్నారు, దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలు ఒక్కోసారి పేషెంటు ఒంట్లో నిలబడి ఆయన మీదే దాడి చేస్తాయట, చాలా అరుదు కానీ వస్తే బతకడం కష్టం, అలా ఇవ్వాలంటే ముందు బ్యాగుని రేడియేషన్ పెట్టాలి. వాడు బ్లడ్ బ్యాంకుకి ఇచ్చాడు, వాళ్లు వేరే బ్యాగు ఇచ్చారు. ఫ్రెష్ బ్లడ్డే కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు, ఐసీయూ పేషెంట్లకి తాజాది ఇచ్చినా మామూలుగా నిల్వ ఉన్నది ఇచ్చినా తేడా లేదని 2015లోనే తేలింది.

మావయ్యగారు వార్డుకొచ్చారు, రెండో బ్యాగు అవసరం పడలేదు, డిశ్చార్జికి 8.6 ఉంది, ఐరన్ మాత్రలు రాశారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, అర్ధరాత్రి బ్లడ్ బ్యాంకు నుంచి బ్యాగు తెచ్చుకోవడం పేషెంటు వాళ్ల పనే. ఐస్ బాక్స్ చేతికిచ్చి పంపించారు, మా మరిది బండి మీద తెచ్చాడు. 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిల్వ ఉండాల్సిన రక్తాన్ని ఏమీ తెలియని మనిషి చేతికి ఇవ్వడమేంటి, అదీ ఐసీయూ ఇంత జాగ్రత్తగా నడిపేవాళ్లు. రాత్రి డ్యూటీకి ఒక మనిషిని పెట్టండి మేనేజ్‌మెంట్ వారూ, ఆ రోజే వచ్చి ఐదో స్టార్ పెడతాను.