పునుగులు, ప్యాకెట్ బిస్కెట్లు, జంతికలు, సున్నుండలు... గోధుమ పడనోళ్ళకి ఏది మేలు?

మా చిన్నోడికి సీలియాక్ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) అని తేలినప్పుడు నేను పెద్దగా కంగారు పడలేదు, మనం అన్నం తినేవాళ్ళమే కదా, చపాతీ మానేస్తే సరిపోద్ది అనుకున్నా. అసలు తిప్పలన్నీ సాయంత్రం నాలుగింటికి వాడు స్కూల్ నుంచి వచ్చి "అమ్మా ఆకలి" అన్నప్పుడే.

బెజవాడలో పుట్టినోడికి పునుగులు వద్దని చెప్పడం ఎంత కష్టమో! మినప్పప్పు, బియ్యమే కదా అంటారు గానీ చాలా బళ్ళ మీద మైదా కలుపుతారు, కలపకపోయినా అదే మూకుడులో అంతకుముందే మైసూర్ బజ్జీ వేగి ఉంటది. గుంటూరు మిర్చి బజ్జీదీ అదే కథ, పిండి శనగపిండే, నూనే మోసం. కాబట్టి బండి తిండిని లిస్టులోంచి కొట్టేశాం.

గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న ప్యాకెట్ బిస్కెట్లు నమ్మకమే, అలా రాయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో రూల్ ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మామూలు బిస్కెట్లకన్నా బాగా ఎక్కువ రేటు, తీరా చూస్తే పట్టుకోగానే పొడిపొడి, మరి జిగురిచ్చేదే గ్లూటెన్ కదా. ప్రయాణాల్లో ఒక ప్యాకెట్ బ్యాగులో ఉంచుతా, అంతే. మల్టీగ్రెయిన్ అన్నవి మాత్రం అసలు కొనొద్దు, చాలావాటిల్లో గోధుమే ముందుంటది.

ఇక జంతికలు. బియ్యప్పిండి, శనగపిండి, వాము, నువ్వులు, ఇందులో గోధుమ ఎక్కడుంది అని మొదటిసారి పిండి మరకి వెళ్ళి బియ్యం పట్టించుకొచ్చా, నాకంటే ముందు ఒకావిడ గోధుమలు పట్టించుకుంది, ఆ సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు, పిండంతా పనమ్మాయికి ఇచ్చేశా. ఇప్పుడు బియ్యం నానబెట్టి, గుడ్డ మీద ఆరబోసి మిక్సీలోనే పట్టి జల్లిస్తున్నా. ఇంకోటి, ఇంగువ! డబ్బా వెనక చదవండి, కూటు ఇంగువలో (వేరేవి కలిపి చేసే ఇంగువ) మైదానో గోధుమపిండో కలిపేది మామూలే. మేం ఏడాది పాటు చారులో, పులిహోరలో వేసుకుని, వాడికి కడుపునొప్పి ఎందుకు తగ్గట్లేదా అని తలలు పట్టుకున్నాం.

అందుకే నా ఓటు సున్నుండలకి. మినుములు ఇంట్లోనే వేయించి, మిక్సీలో పట్టి, బెల్లం, నెయ్యి కలిపి చుట్టేయడమే, మరతో పనిలేదు, ఇంగువ లేదు, నూనె మూకుడు లేదు, రెండు తింటే వాడికి రాత్రి భోజనం దాకా ఆకలుండదు. కాకపోతే మే నెల ఎండకి డబ్బాలో నెయ్యి కారిపోయి ముద్దవుతాయి, అప్పుడు మళ్ళీ జంతికలే గతి.

పెసరట్టు ఇంట్లో మాత్రమే, చపాతీ కాల్చని పెనం మీద. అదీ ఉప్మా లేకుండా, బొంబాయి రవ్వ గోధుమే కదా. ఉప్మా లేని పెసరట్టు ఏంటే అని మా అత్తయ్య ఇప్పటికీ నన్ను అదోలా చూస్తది.